కూలికి ఆడినవాళ్ళు

పోస్టు కొంచెం పొడుగు. మెస్‌లో అన్నం తినేసి వచ్చి తీరిగ్గా చదవండి.

మేం నలుగురం పాచిపెంట మండలం పిల్లలం. ఇద్దరం జాతాపులం, ఒకడు కొండదొర, ఒకడు గదబ. డిగ్రీ చదువుకుంటూ హాస్టల్లో ఒకే గదిలో ఉంటున్నాం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఈ పోస్టు నలుగురం కూర్చుని రాసింది, అందుకే అంతా ‘మేం’ అనే ఉంటుంది.

2025 నవంబర్ 2, ఆదివారం. తెల్లారి అయిదున్నరకే లేచి ఒక ఫోన్ చుట్టూ కూర్చున్నాం. కెనడాలోని టొరంటోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్. అక్కడ శనివారం రాత్రి, మనకి ఆదివారం తెల్లవారుజాము. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ ఒకవైపు, టొరంటో బ్లూ జేస్ ఇంకోవైపు. వీడియో చూసే దారి మాకు లేదు. స్కోరు మాత్రం బంతి బంతికీ ఫోన్లో మారుతూ ఉంటుంది. ఒకడు గట్టిగా చదువుతాడు, ఒకడు నోట్‌బుక్కులో గళ్ళు గీసి రాస్తాడు, మిగతా ఇద్దరం ఊపిరి బిగపట్టి వింటాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో రెండు అవుట్లు అయితే టొరంటో గెలిచేసినట్టే. అప్పుడు మిగెల్ రోహాస్ అనే ఆటగాడు, పెద్ద హిట్టర్ అని ఎవరూ అనుకోనివాడు, హోమ్ రన్ కొట్టి 4-4 చేశాడు. పదకొండో ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ ఇంకోటి కొట్టాడు. 5-4. డాడ్జర్స్ గెలిచారు. టైమ్ చూస్తే పది కావస్తోంది. ఆదివారం టిఫిన్ పోయింది.

మా అరుపులకి పక్క గది అన్న వచ్చి, “కొండ మీద గుంటలకి అమెరికా ఆటేట్రా?” అన్నాడు. నవ్వేశాం. తరవాత కూర్చుని ఆలోచిస్తే, అది నవ్వేసి వదిలేసే ప్రశ్న కాదనిపించింది. ఒక ఆట ఎవరిది? దాన్ని ఇష్టపడటానికి, ఆడటానికి ఎవరికి హక్కు ఉంది? ఈ పోస్టు దాని గురించే.

ఆట మా దగ్గరికి ఎలా వచ్చింది

బేస్‌బాల్ తెలీనోళ్ళకి నాలుగు ముక్కలు. జట్టుకి తొమ్మిదిమంది. పిచ్చర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నించి బంతి విసురుతాడు. క్రికెట్‌లాగ నేలమీద పడి లేవదు, నేరుగా వస్తుంది. బ్యాటర్ గుండ్రటి కర్రతో దాన్ని కొట్టి పరిగెట్టాలి. నాలుగు మూలల్లో నాలుగు బేసులు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 90 అడుగులు. అన్నీ చుట్టి బయల్దేరిన చోటికి వస్తే ఒక రన్. మూడు స్ట్రైకులకి ఒక అవుట్, మూడు అవుట్లకి అవతలోళ్ళ వంతు. చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడినోళ్ళకి ఇది మరీ కొత్తేం కాదు.

మా కాలేజీలో క్రికెట్ సెలక్షన్ అంటే వందమంది వస్తారు. బేస్‌బాల్‌కి తొమ్మిదిమంది దొరకరు. ఒకరోజు గ్రౌండ్ పక్క మామిడిచెట్టు మీద కాయలు రాళ్ళతో కొడుతుంటే పీడీ సారు చూశారు. తిడతారనుకున్నాం. “ఆ రాయి ఇక్కణ్ణించే వేశారా?” అని అడిగి, మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. మా చెయ్యికి ఆ బలం ఎక్కణ్ణించి వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. పోడులో చోడి, కొర్ర గింజ పట్టే రోజుల్లో మంచె మీద కూర్చుని, ఒడిసెల తిప్పి పిట్టల్ని తోలినోళ్ళమే కదా మనమంతా. ఆ చెయ్యి ఒక ఆటకి పనికొస్తుందని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

మొదట సర్టిఫికెట్ వస్తుందనే వెళ్ళాం, దాచుకోవడం ఎందుకు. కానీ గ్లవ్‌లో బంతి పడినప్పుడు వచ్చే చప్పుడు ఒకటుంది. అది విన్నాక సర్టిఫికెట్ సంగతి మర్చిపోయాం. ఫోన్లో వెతికి రూల్స్ చదివాం, పాత ఆటగాళ్ళ లెక్కలు నోట్‌బుక్కులో రాసుకున్నాం. అలా అభిమానులమైపోయాం.

ఇంక అసలు సంగతి. మాలో ఒకడికి చెయ్యి చాలా బలం. సంక్రాంతికి కింద ఊళ్ళల్లో క్రికెట్ టోర్నమెంట్లు పెడతారు, మీకు తెలుసు. ఒక ఊరివాళ్ళు మావాణ్ణి మ్యాచ్‌కి అయిదొందలు ఇచ్చి తీసుకెళ్ళారు. మూడు మ్యాచ్‌లు ఆడాడు. ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టుకున్నాడు. తరవాత బేస్‌బాల్ సెలక్షన్‌కి వెళ్తే, ఎవరో ఆ సంగతి చెప్పారు. అక్కడ పేర్లు రాస్తున్న పెద్దమనిషి, “ఓహో, నువ్వు కూలి ప్లేయర్‌వా?” అని నవ్వి, పేరు కొట్టేశాడు. ఏ రూల్ ప్రకారం అని అడగడానికి మాకు నోరు రాలేదు. వాడు తిరిగొచ్చి గ్లవ్ మంచం కింద పెట్టేశాడు. మళ్ళీ తియ్యలేదు.

కూలి. మా అమ్మలు జీడి తోటల్లో చేసేది కూలే. మా నాన్నలు సాలూరు వెళ్ళి లారీలకి లోడ్ ఎత్తేది కూలే. ఆ మాట మాకు తిట్టు కాదు. కానీ ఆ రోజు అది తిట్టులాగే తగిలింది. డబ్బు తీసుకుని ఆడితే తక్కువ అని ఎవరు అన్నారు, ఎప్పటినించి అన్నారు? ఈ ప్రశ్న పట్టుకుని లైబ్రరీలోనూ ఫోన్లోనూ వెతికాం. అమెరికా దాకా వెళ్ళకముందే మొదటి జవాబు మన పక్కనే, విజయనగరంలోనే దొరికింది.

విజయనగరం రాజకుమారుడు

2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా వచ్చేదాకా మన కాగితాలన్నిటి మీదా ఉన్నది విజయనగరం జిల్లాయే. పాచిపెంటకీ ఒక చిన్న జమీందారీ ఉండేది గాని, విజయనగరం ముందు అది ఏపాటి? అలాంటి విజయనగరం రాజుల ఇంట్లో 1905 డిసెంబర్ 28న రెండో కొడుకుగా పుట్టినాయన విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకం అంతా ‘విజ్జీ’ అని పిలిచింది. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది కదా, ఆయన పేరే.

ఆయన క్రికెట్‌కి పెద్ద అభిమాని. ఇది వెటకారం కాదు. అజ్మీర్‌లో మేయో కాలేజీలోనూ, ఇంగ్లండ్‌లోనూ చదివాడు. గద్దె అన్నగారికి వెళ్ళింది. ఈయన కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల దగ్గరికి మారాడు. అక్కడ సొంత గ్రౌండ్, సొంత జట్టు పెట్టుకున్నాడు. 1930-31లో ఇంగ్లండ్ వాళ్ళ ఎమ్‌సీసీ జట్టు ఇండియా రావాలి. దేశంలో శాసనోల్లంఘన ఉద్యమం నడుస్తోంది కాబట్టి ఆ టూర్ ఆగిపోయింది. అప్పుడు విజ్జీ తనే ఒక జట్టు కట్టి ఇండియా, సిలోన్ అంతా తిప్పాడు. అందులో ఎవరున్నారో తెలుసా? ఆ రోజుల్లో ప్రపంచంలోనే పేరున్న ఓపెనింగ్ జంట, జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్. అంతకుముందు ఇండియా రమ్మని ఎన్నిసార్లు పిలిచినా రాని హాబ్స్, విజ్జీ పిలిస్తే వచ్చాడు. మన రోజుల్లో ఒక అభిమాని తన హీరోతో సెల్ఫీ దిగాలనుకుంటాడు. విజ్జీ తన హీరోల్ని తన జట్టులోనే పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే మంచి కథే. కానీ ఆయన 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్ అయ్యాడు. అందులో సి.కె. నాయుడు ఉన్నాడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగువాడు. 1926లో బొంబాయి జింఖానాలో ఎమ్‌సీసీ మీద 11 సిక్సర్లతో 153 కొట్టినవాడు. 1932లో లార్డ్స్‌లో మన మొదటి టెస్టుకి కెప్టెన్. లాలా అమర్‌నాథ్ ఉన్నాడు, 1933లో మన దేశం తరఫున మొదటి టెస్టు సెంచరీ చేసినవాడు. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఉన్నారు. వీళ్ళందరి మీదా కెప్టెన్ విజ్జీ. ఎందుకు? ఆట బట్టి కాదు. డబ్బు, హోదా, తెల్లదొరల దగ్గర పలుకుబడి. ఢిల్లీ ఫిరోజ్ షా కోట్లా గ్రౌండ్‌లో వైస్రాయ్ విల్లింగ్‌డన్ పేరు మీద పెవిలియన్ కట్టించి ఇచ్చింది కూడా ఈయనే.

లెక్కలు చూడండి. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. సగటు 8.25. రెండు టెస్టులు ఓడాం, ఒకటి డ్రా. ఆ డ్రా కూడా మాంచెస్టర్‌లో మర్చంట్, ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 పరుగులు పెట్టబట్టి. మొదటి టెస్టుకి ముందే అమర్‌నాథ్‌ని క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, తన ముందు వేరేవాళ్ళని పంపుతుంటే విసుగొచ్చి డ్రెస్సింగ్ రూమ్‌లో పంజాబీలో ఏదో అన్నాడు. అదీ తప్పు. ఆ టూర్ మధ్యలోనే విజ్జీకి బ్రిటిష్ ప్రభుత్వం ‘సర్’ బిరుదు ఇచ్చింది. ఇంటికొచ్చాక విచారణ కమిటీ వేస్తే, 1937 జనవరిలో వచ్చిన ఆ రిపోర్టు ఆయన కెప్టెన్సీనే తప్పుపట్టింది. సులువైన బంతులు వెయ్యడానికి అవతలి కెప్టెన్‌కి బంగారు గడియారం ఇచ్చాడని కూడా ఒక కథ చెప్పుకుంటారు. కథే అనుకోండి. కానీ అలాంటి కథ అమర్‌నాథ్ మీద ఎవరూ అల్లలేదు కదా.

ఆయన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు. తరవాత ఆయన క్రికెట్ బోర్డుకి 1954 నించి అధ్యక్షుడుగా చేశాడు, 1947లో ‘సర్’ బిరుదు వెనక్కి ఇచ్చేశాడు, 1958లో పద్మభూషణ్ తీసుకున్నాడు, రేడియోలో కామెంటరీ చెప్పాడు, 1960లో విశాఖపట్నం నించి ఎంపీ అయ్యాడు. 1965లో పోయేదాకా క్రికెట్‌ని వదల్లేదు. ఆ ఇంటివాళ్ళు పెట్టిన విజయనగరం మహారాజా కాలేజీలో మన అన్నలు, అక్కలు చదువుకున్నారు. అదీ నిజమే. కానీ జమీందారీ ఇంటి డబ్బు అంటే రైతు కట్టిన శిస్తు. నాగలి పట్టినవాడి చెమట తిరిగి తిరిగి లార్డ్స్ మైదానం దాకా వెళ్ళింది. చెమట పట్టినవాడు మాత్రం వెళ్ళలేదు.

ఇక్కడ మాకు ఒక విషయం చాలా వింతగా అనిపించింది. విజ్జీ టూర్‌కి వచ్చిన జాక్ హాబ్స్ తండ్రి కేంబ్రిడ్జ్‌లో ఒక కాలేజీ గ్రౌండ్ చూసుకునే పనివాడు. పెద్ద కుటుంబం, పేదరికం. హాబ్స్ క్రికెట్ ఆడి జీతం తీసుకునేవాడు. అంటే ప్రొఫెషనల్. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో 61 వేలకి పైగా పరుగులు చేసినా, ఇంగ్లండ్‌కి సొంత హోదాలో కెప్టెన్ కాలేకపోయాడు. ఎందుకంటే ఇంగ్లండ్‌లో ఆటగాళ్ళు రెండు కులాలు. డబ్బు అవసరం లేకుండా ఆడేవాళ్ళు ‘జెంటిల్‌మెన్’, కూలికి ఆడేవాళ్ళు ‘ప్లేయర్స్’. ఒకే జట్టు, కానీ డ్రెస్సింగ్ రూములు వేరు, మైదానంలోకి వచ్చే గేట్లు వేరు, స్కోరుకార్డు మీద పేరు రాసే పద్ధతి కూడా వేరు. కెప్టెన్ అంటే జెంటిల్‌మనే. 1952లో లెన్ హట్టన్ వచ్చేదాకా ఇరవయ్యో శతాబ్దంలో ఇంగ్లండ్ ఒక ప్రొఫెషనల్‌ని టెస్ట్ కెప్టెన్‌గా నియమించలేదు. ఆ తేడాని పూర్తిగా తీసేసింది 1962లో.

ఈ ముక్క చదివినప్పుడు మావాడు మొదటిసారి పుస్తకం లాక్కుని తనే చదివాడు. “హాబ్స్ కూడా కూలి ప్లేయరేనేట్రా?” అన్నాడు.

అమెరికా ఆదివాసీలు

ఇప్పుడు బేస్‌బాల్‌కి వద్దాం. అమెరికాలో బేస్‌బాల్ పేరు చెప్తే పెద్ద పెద్ద స్టేడియాలు, కోట్ల డాలర్లు గుర్తొస్తాయి. ఆ ఆట మొదటి రోజుల్లోనే మనలాంటివాళ్ళు అందులో ఉన్నారని మాకు తెలీదు.

లూయీ సాకలెక్సిస్ మెయిన్ రాష్ట్రంలో పెనోబ్‌స్కాట్ తెగవాడు. ఓ నది మధ్య దీవి మీద వాళ్ళ ఊరు. 1897లో క్లీవ్‌లాండ్ జట్టులోకి వచ్చాడు. మేజర్ లీగ్‌లో ఆదివాసీగా అందరికీ తెలిసి ఆడిన మొదటివాళ్ళలో ఒకడు. అతను గ్రౌండ్‌లోకి దిగితే గ్యాలరీలోని జనం నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ వెక్కిరింపు కేకలు వేసేవారు. పేపర్లు అతని తెగ మీద జోకులు రాసేవి. ఆ కేకల మధ్యే ఆ ఏడాది 66 ఆటల్లో .338 సగటుతో కొట్టాడు. బేస్‌బాల్‌లో పదిసార్లకి మూడుసార్లు కొడితేనే గొప్ప ఆటగాడు అంటారు. తరవాత తాగుడు, కాలి దెబ్బ. మూడు సీజన్లలోనే పెద్ద లీగ్ అయిపోయింది. ఊరికి తిరిగి వెళ్ళి, 42 ఏళ్ళకి, 1913 డిసెంబర్‌లో, అడవిలో కలప పని చేస్తూ గుండె ఆగి పోయాడు.

క్లీవ్‌లాండ్ జట్టుకి 1915లో ‘ఇండియన్స్’ అని పేరు పెట్టారు. తరవాత ఎర్రటి మొహం, పెద్ద పళ్ళు, తలలో ఈకతో ఒక బొమ్మ గీసి టోపీల మీద వేశారు. ఆ బొమ్మని యూనిఫామ్ మీంచి తీసింది 2018 సీజన్ అయ్యాక. పేరు మార్చి ‘గార్డియన్స్’ అన్నది 2022 సీజన్ నించి. నూరేళ్ళకి పైగా. ఆదివాసీ బొమ్మ టోపీ మీద ఉంటే లక్షలమంది ప్రేమగా కొనుక్కున్నారు. ఆదివాసీ మనిషి గ్రౌండ్‌లో ఉంటే కేకలు వేశారు. మన దగ్గర కూడా థింసా డాన్స్ స్టేజీ మీద ఉంటే చప్పట్లు కొట్టినోళ్ళే, బస్సులో మన పక్కన సీటు ఖాళీగా ఉన్నా కూర్చోరు. ఇది మీలో చాలామందికి అనుభవమే.

తరవాత చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. ఓజిబ్వే తెగ. ఫిలడెల్ఫియా జట్టుకి పిచ్చర్, 200కి పైగా ఆటలు గెలిపించాడు, 1953లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు. అందరూ అతన్ని ‘చీఫ్’ అని పిలిచేవారు. ఆదివాసీ ఆటగాడు ఎవడైనా సరే ‘చీఫ్’ అనే పిలిచేవారు. ఆయన మాత్రం సంతకం పెట్టేటప్పుడు చార్లెస్ బెండర్ అనే రాసేవాడు. మనల్ని కూడా పేరు వదిలేసి ‘కొండోడా’ అని పిలుస్తారు కదా. సంతకం దగ్గర మాత్రం మన పేరు మనమే రాసుకుంటాం.

ఈ బెండర్ చదివింది కార్లైల్ బోర్డింగ్ స్కూల్లో. దాని గురించి హాస్టల్ పిల్లలంగా మనం తెలుసుకోవాలి. 1879లో పెన్సిల్వేనియాలో పాత సైనిక బ్యారక్స్‌లో పెట్టారు. ఎక్కడెక్కడి తెగల పిల్లల్నో రైళ్ళలో తీసుకొచ్చి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లిభాష మాట్లాడితే శిక్ష వేసేవారు. ఆదివాసీతనం పోగొట్టి తెల్లవాళ్ళలాగ చెయ్యడమే ఆ స్కూలు ఉద్దేశం. సెలవుల్లో ఇంటికి పంపకుండా తెల్లవాళ్ళ పొలాల్లో పనికి పంపేవారు. మన హాస్టల్ అలాంటిది కాదు. ఇక్కడ లేకపోతే మాకు చదువే లేదు. అయినా మా గదిలో గదబ వాడు వాళ్ళ అమ్మమ్మతో ఫోన్లో గదబ భాషలో మాట్లాడటానికి వరండా చివరకి ఎందుకు వెళ్తాడో ఆలోచించుకోవాలి. శిక్ష ఎవరూ వెయ్యట్లేదు. నవ్వుతారని భయం.

ఆ కార్లైల్‌లోనే జిమ్ థార్ప్ చదివాడు. సాక్ అండ్ ఫాక్స్ తెగ. చిన్నప్పుడే కవల తమ్ముడు పోయాడు, తల్లి పోయింది. 1909, 1910 వేసవుల్లో పొలం కూలికి వెళ్ళే బదులు నార్త్ కరోలినాలో ఒక చిన్న లీగ్‌లో బేస్‌బాల్ ఆడాడు. కొద్దిపాటి డబ్బు ఇచ్చారు. ఆ లీగ్‌లో కాలేజీ పిల్లలు చాలామంది ఆడేవారు, కానీ తెలివిగా దొంగ పేర్లతో. థార్ప్ సొంత పేరుతోనే ఆడాడు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండిట్లోనూ బంగారు పతకాలు గెలిచాడు. పరుగు, దూకుడు, విసురుడు, అన్నీ కలిపిన పోటీలు అవి. ప్రపంచంలో అతన్ని మించిన ఆటగాడు లేడన్నారు. 1913 జనవరిలో ఒక పేపర్ బేస్‌బాల్ సంగతి బయటపెట్టింది. ఒలింపిక్స్‌లో అప్పుడు కూలికి ఆడినవాళ్ళకి చోటు లేదు. అదే జెంటిల్‌మన్ రూల్. నేను ఆదివాసీ బడిపిల్లాణ్ణి, ఈ లోకం నియమాలు నాకు తెలీవు, ఆట ఇష్టమై ఆడాను గాని డబ్బు కోసం కాదు అనే అర్థంలో థార్ప్ క్షమించమని ఉత్తరం రాశాడు. వినలేదు. పతకాలు తీసేసుకున్నారు, రికార్డు పుస్తకంలోంచి పేరు కొట్టేశారు. అభ్యంతరం ఉంటే పోటీలయిన 30 రోజుల్లోపే చెప్పాలని వాళ్ళ సొంత రూలే ఉంది. అది ఎవరికీ గుర్తు రాలేదు. దొంగ పేర్లతో ఆడినోళ్ళకి ఏమీ కాలేదు. నిజం పేరుతో ఆడినోడికి శిక్ష.

ఆ తరవాత అతను న్యూయార్క్ జెయింట్స్‌తో మొదలుపెట్టి 1919 దాకా మేజర్ లీగ్‌లో బేస్‌బాల్ ఆడాడు. ఫుట్‌బాల్‌లో ఇంకా పెద్ద పేరు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం వచ్చింది 1924లో. అంటే ఆయన పతకాలు గెలిచిన పన్నెండేళ్ళకి. థార్ప్ 1953లో పోయాడు. 1982లో ఒలింపిక్ కమిటీ ఆయన పేరు మళ్ళీ చేర్చింది, కానీ రెండోస్థానంలో వచ్చినవాళ్ళతో కలిపి ఉమ్మడి విజేతగా. ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022 జులైలో. నూట పదేళ్ళు పట్టింది.

మాకు అర్థమైంది

ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. విజ్జీ డబ్బు ఖర్చుపెట్టి ఆడాడు, కాబట్టి పెద్దమనిషి, కెప్టెన్, సర్. థార్ప్ డబ్బు తీసుకుని ఆడాడు, కాబట్టి తప్పుచేసినవాడు. ఇద్దరికీ ఆట మీద ఇష్టం ఉంది. విజ్జీకి తక్కువ ఉందని మేం అనం. కానీ ఇష్టం ఒకటే సరిపోదు, ఇష్టపడటానికి తీరిక కావాలి, తీరికకి డబ్బు కావాలి. ఆ డబ్బు ఇంట్లో ఉన్నవాడు ‘డబ్బు కోసం ఆడను’ అని గర్వంగా చెప్పుకోగలడు. లేనివాడు కూలి మానుకుని గ్రౌండ్‌కి వస్తే ఆ రోజు కూలి ఎవరిస్తారు? అంచేత ఆ రూల్ ఆటని శుభ్రంగా ఉంచడానికి పెట్టింది అని చెప్పుకున్నా, పేదవాణ్ణి గేటు బయట ఉంచడానికే బాగా పనికొచ్చింది.

ఇంకోటి. సి.కె. నాయుడు అంతటివాడు కూడా ఇండోర్ హోల్కర్ మహారాజు కొలువులో ఉంటూనే ఆడాడు. ఆయన్నెవరూ కూలి ప్లేయర్ అనలేదు. రాజు ఇస్తే కొలువు, ఊరివాళ్ళు ఇస్తే కూలి. పేర్లలోనే ఉంది తేడా. అదే నాయుడుగారు 1953-54లో, 58 ఏళ్ళ వయసులో, కొత్తగా పుట్టిన ఆంధ్ర రంజీ జట్టుకి మొదటి కెప్టెన్‌గా దిగాడు. ఆ వయసులో గ్రౌండ్‌లోకి దిగడం ఆట మీద ఇష్టం లేకపోతే అవ్వదు. డబ్బు తీసుకుంటే ఇష్టం పోతుందన్నది అబద్ధం.

ఇప్పుడు లోకం అంతా తిరగబడింది. ఐపీఎల్ వేలంలో ఆటగాడికి కోట్లు ఇస్తే టీవీల్లో చప్పట్లు కొడతాం. అదీ డబ్బుకి ఆడటమే. మా గదివాడికి సంక్రాంతి టోర్నమెంట్‌లో ఇచ్చిన అయిదొందలు మాత్రం తప్పు. ఆ పెద్దమనిషికి 1913 నాటి ఆ రూల్ ఎవరు నేర్పారో తెలీదు. ఆయనకి కూడా తెలీదేమో. మాట మిగిలిపోయింది, అంతే.

జైపాల్ సింగ్ ముండా గురించి ఇక్కడ చాలామంది రాశారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో మన హాకీ జట్టు కెప్టెన్, తరవాత రాజ్యాంగ సభలో ఆదివాసీల గొంతు. ఐసీఎస్ శిక్షణలో ఉండగా ఒలింపిక్స్‌కి సెలవు ఇవ్వకపోయినా వెళ్ళాడు. మాకు ఆయన కథలో ఇదే నచ్చుతుంది. అనుమతి కోసం ఆగలేదు. మేం ఆ రోజు సెలక్షన్ దగ్గర ఆగిపోయాం. ఏ రూల్ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది. నలుగురం ఉన్నాం, నలుగురం తల దించుకున్నాం. ఈ పోస్టులో మా తప్పు కూడా ఉందని చెప్పడానికే ఇంత రాశాం.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ. సెలక్షన్స్‌కి వెళ్తే రూల్ కాగితం చూపించమని అడగండి, మర్యాదగా అడగండి, కానీ అడగండి. ఒక్కరే వెళ్ళకండి, తోడు వెళ్ళండి. టోర్నమెంట్లో డబ్బు తీసుకుంటే సిగ్గుపడకండి. మీ అమ్మానాన్నల చెమట ఎంత మర్యాదో అదీ అంతే మర్యాద. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లాంటి ఆటల్లో పోటీ తక్కువ, మన చెయ్యికి సరిపోయే ఆటలు, అవి కూడా చూడండి. మీ ఊళ్ళో పెద్దోళ్ళలో పరుగులోనో, విలువిద్యలోనో, కబడ్డీలోనో పేరున్నోళ్ళు ఉంటే వాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసి పెట్టండి. సాకలెక్సిస్ గురించి నూట పాతికేళ్ళ తరవాత మేం పాచిపెంటలో చదవగలిగాం అంటే ఎవరో రాసి పెట్టబట్టే. మనోళ్ళ గురించి మనం రాయకపోతే ఎవరు రాస్తారు?

చివరగా, పక్క గది అన్నకి జవాబు. కొండ మీద గుంటలకి అమెరికా ఆటేట్రా అన్నావు కదా అన్నా. ఆ ఆట మొదట్నించీ ఆడినోళ్ళలో కొండల్లోనూ అడవుల్లోనూ నది దీవుల మీదా పుట్టినోళ్ళు ఉన్నారు. కాబట్టి అది అమెరికాది ఎంతో మాదీ అంతే. ఈసారి మ్యాచ్‌కి నువ్వూ రా, టిఫిన్ మాత్రం ముందే తినేసి రా.

ఈ పోస్టు పెట్టేముందు మావాడికి చదివి వినిపించాం. వాడి సంగతి కాబట్టి వాడి అనుమతి కావాలి. నవంబర్ 2న నోట్‌బుక్కులో స్కోరు రాసింది వాడే. ఆడటం మానేశాడు గాని రాయడం మానలేదు. అంతా విని కాసేపు ఊరుకున్నాడు. తరవాత, “పెట్టండి. కానీ అయిదొందలు కాదు, ఆరొందలు. బిరియానీ కూడా పెట్టారు. రాస్తే సరిగ్గా రాయండి” అన్నాడు.

గ్లవ్ ఇంకా మంచం కిందే ఉంది. మళ్ళీ సెలక్షన్స్ వచ్చే ఏడాది. ఈసారి నలుగురం వెళ్తాం.

జోహార్.